గోడల మీద చుక్క పడకుండా

మా వీధిలో వాన పడితే పక్కవాళ్ళ మాట వినపడదు, ఎండ కాస్తే మన నోట మాట రాదు. రెండింటికీ కారణం రేకులే. విజయనగరంలో జూట్ మిల్లు పనికని మా మావగారి తరంవాళ్ళు గజపతినగరం వైపు పల్లె నుంచి వచ్చి, ఒకరి గోడకి ఒకరు గోడ ఆనించి కట్టుకున్న ఇళ్ళవి. అందరిదీ ఒకే ఇంటిపేరు. మిల్లు మూతపడింది. మనుషులూ, ఇళ్ళ మీద సిమెంటు రేకులూ మిగిలాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గానీ మా వీధిలో రోలు పగలడం నేనెప్పుడూ చూడలేదు. మనుషులు కూలడం చూశాను.

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఊరి చివర ఒక గోడౌనుకి రాత్రి కాపలా ఉండేవారు. రాత్రంతా మేలుకుని, పొద్దున్నే ఇంటికొచ్చి, ఇంత చోడంబలి, అదే రాగి అంబలి, తాగి పడుకునేవారు. పగలు పడుకునేవాడి కష్టం రాత్రి పడుకునేవాళ్ళకి తెలీదు. పొద్దు వాలాక మేమంతా వీధిలో మంచాలు వాల్చుకుని ఊపిరి పీల్చుకునే వేళకి ఆయన లేచి డ్యూటీకి పోవాలి. ఆయన వంతుకి మిగిలింది రేకుల కింద మధ్యాహ్నమే. ఫ్యాను ఉంది. పైనుంచి దిగే వేడిని తిన్నగా మంచం మీదికి తొయ్యడానికి అది బాగా పనికొచ్చేది. మా తోడికోడలు మిల్లు రోజుల నాటి గోనెసంచులు తడిపి రేకుల మీద పరిచేది. ఆమెని నేను అక్కా అనే పిలుస్తాను. కుళాయికి నీళ్ళొచ్చేది పొద్దున కాసేపు. బావగారికి కునుకు పట్టేలోపే ఆ గోనెలు అప్పడాల్లా ఎండిపోయేవి.

నిరుడు రోహిణిలో ఒక మధ్యాహ్నం అక్క ఆయన మంచం పక్కనే చాప మీద నడుం వాల్చింది. ఎప్పుడో తెల్లారకముందు లేచిన మనిషి, కన్ను మూతపడింది. మెలకువొచ్చి చూస్తే ఆయన ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. చెమట లేదు, పలుకు లేదు. ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికే అయిపోయింది. గుండె ఆగి పోయాడని రాశారు. గుండె ఆగకుండా పోయేవాళ్ళెవరు? ఆ ప్రశ్న అప్పుడే నా నాలిక మీదికి వచ్చింది. అడగాల్సిన చోట అడుగుదామని దాచుకున్నాను.

పెద్దకర్మకి దానాలివ్వాలి కదా. పోయినవాడు నడిచే దారంతా నిప్పులేనట. ఆ దారిలో నెత్తికి నీడా, కాళ్ళకి ఆదరువూ ఉండాలని గొడుగూ చెప్పులూ నీళ్ళచెంబూ ఇస్తారు. అక్క గడప దాటకూడదు కాబట్టి బజారుకి నన్ను పంపింది. పంపుతూ ఒకటే మాట చెప్పింది: "గొడుగు ఎండకి ఎత్తి సూడు. ఎలుగు కారిందంటే తేవొద్దు." బజారు మధ్యలో నిలబడి ఒక్కో గొడుగూ విప్పి సూర్యుడికి అడ్డం పెట్టి చూశాను. షాపువాడు విసుక్కున్నాడు. వాడి విసుగు వాడిది. ఒక్క చుక్క వెలుగు కూడా దిగని నల్ల గొడుగు దొరికేదాకా నేను కదల్లేదు.

ఆ తర్వాత గోడౌను నుంచి కబురొచ్చింది, తండ్రి పని కొడుక్కి ఇస్తామని. అక్కకి ఒక్కడే కొడుకు. చదువు పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్నవాడు, ఇల్లు గడవాలి కదా అని ఒప్పుకున్నాడు. తండ్రి టార్చిలైటు పట్టుకుని రాత్రి వెళ్ళడం, పొద్దున్నే వచ్చి తండ్రి మంచం మీదే వాలడం. ఆ ఇంట్లో మంచం పట్టే చోటు అదొక్కటే. రైల్వే స్టేషన్లో పడుకోబోతే టిక్కెట్టు చూపించమన్నారు. పార్కుకి మధ్యాహ్నం తాళం వేస్తారు. పగలు పడుకునేవాడికి ఇంత ఊళ్ళో చోటు లేదు.

ఎండలు ముదిరిన దగ్గర్నుంచి అక్క పగలు నడుం వాల్చడం మానేసింది. కొడుకు తలదగ్గర పీట వేసుకుని కూర్చుని విసనకర్ర విసిరేది. మధ్యమధ్యలో వాడి ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి ఊపిరి చూసేది. మెడ తడిమి చెమట ఉందో లేదో చూసేది. రాత్రి వాడు డ్యూటీలో ఉన్నాడన్న దిగులు, పగలు వాడు ఇంట్లో ఉన్నాడన్న భయం. ఆమె కళ్ళ కింద నలుపు చూస్తే నాకు ఏడుపొచ్చేది, ఏడుపు వెనకే కోపం వచ్చేది. నాకు కోపమే ఎక్కువ పనికొస్తుంది. ఇంకో రోహిణి వచ్చేలోపు ఆ కప్పు సంగతి తేల్చాలి, లేకపోతే ఆ ఇంట్లో తండ్రి తర్వాత కొడుకు. ఇంతకంటే నాకు వేరే లెక్క లేదు.

నేను మా వార్డు మహిళా సంఘాల లీడర్ని. మీటింగుల్లో గట్టిగా మాట్లాడతానని నాకు మంచి పేరూ ఉంది, చెడ్డ పేరూ ఉంది. రెండూ ఒకటే పేరు. ఈ ఏడు ఎండలు మొదలవగానే మున్సిపాలిటీలో మీటింగు పెట్టారు, ఎండల నుంచి ఊరిని ఎలా కాపాడాలని. ఏసీ హాల్లో కూర్చున్నాం. గోడ మీద ఊరి పటం పెట్టి ఒక పెద్దాఫీసరు చెప్పుకుపోతున్నారు. సిగ్నళ్ళ దగ్గర బళ్ళవాళ్ళకి ఆకుపచ్చ వలలు కడతారట. పెద్ద కూడళ్ళలో చలివేంద్రాలు పెడతారట. డాబాల మీద సున్నం పూస్తారట, కింద గదులు చల్లబడతాయట. చివర్లో ఆటోకి మైకు కట్టి వీధివీధినా చాటించే మాట కూడా వినిపించారు: "మధ్యాహ్నం వేళ బయటికి రాకండి, ఇళ్ళలోనే ఉండండి."

నేను లేచాను. "మా బావగారు మీరు చెప్పినట్టే ఇంట్లోనే ఉన్నారండి," అన్నాను. "ఇంట్లో ఉండే పోయారు."

ఆ తర్వాత నన్ను ఆపడం ఎవరి వల్లా కాలేదు. గుండె ఆగి పోయాడని రాశారు, గుండె ఆగకుండా పోయేవాళ్ళెవరు? సిగ్నల్లో బండి ఆగేది ఎంతసేపు? అంతసేపటికి నీడ కట్టారు. పొద్దుట్నుంచీ కాలే ఇంటికి ఏం కట్టారు? డాబా ఉన్నవాడు ఏసీ పెట్టుకుంటాడు, లేదా కింది వాటాలోకి దిగుతాడు. రేకుల కింద ఉన్నవాడు ఎక్కడికి దిగుతాడు, నేలలోకా?

ఆఫీసరు మొహం గంటు పెట్టుకున్నారు. ఆయన పక్కనున్న ఇంజినీరు, ఏఈ అమ్మాయి మాత్రం మర్యాదగా జవాబు చెప్పింది. రేకుల మీద మనిషి కాలు పెడితే పగులుతాయి, పనివాళ్ళు కింద పడితే ఎవరు బాధ్యులు, అందుకే డాబాలు మాత్రమే ఎంచుకున్నామంది. సాకులా లేదు, నిజమే. రేకుల సంగతి వచ్చే ఏడు చూద్దామన్నారు ఆఫీసరు.

"వచ్చే ఏడు దాకా మా వీధిలో ఎవరు బతికుండాలో కూడా మీరే చెప్పి పంపండి బాబూ," అని, ఆ అమ్మాయి వైపు తిరిగాను. "నువ్వొక్కసారి మా అక్క ఇంటికి రామ్మా. మధ్యాహ్నం భోజనం చేశాక రా. కూర్చో, అంతే."

వచ్చింది. రాదేమో అనుకున్నాను, వచ్చింది. వేడి కొలిచే మిషను బ్యాగులో పెట్టుకుని స్కూటీ మీద వచ్చింది. అక్క కూర్చునే పీట తను తీసుకోకుండా నేల మీదే కూర్చుంది. మంచం మీద కుర్రాడు చొక్కా లేకుండా పడి ఉన్నాడు, అక్క విసురుతోంది. ఏఈ మిషను రేకుల వైపు ఎత్తి చూసి, ఆ అంకె మాకు చెప్పకుండా లోపల పెట్టేసింది. కాసేపటికి తట్టుకోలేక బయటికి పోయి, గోడ నీడలో నిలబడి నీళ్ళు తాగింది. ఇక పోతుందనుకున్నాను. చున్నీతో మొహం తుడుచుకుని మళ్ళీ లోపలికి వచ్చి కూర్చుంది. ఆ పిల్ల నాకు నచ్చింది అప్పుడే.

వెళ్ళేముందు తలెత్తి రేకుల కింద ఇనప పైపుల్ని చాలాసేపు చూసింది. "పైన అడ్డంగా బల్లలు వేస్తే మనిషి బరువు రేకు మీద పడదు, పైపుల మీద పడుతుంది. కుంచెలకి వెదురుగెడలు కడితే నిలబడిన చోటు నుంచే చాలా దూరం పూయొచ్చు," అంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను రోజూ వెళ్ళి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను, ఆ అమ్మాయి లోపల కూర్చుని మాట్లాడింది. కిందనుంచి నేను, పైనుంచి తను. చివరికి రేకుల ఇళ్ళలో మొదట మా వీధికే సున్నం మంజూరైంది. నేను మిఠాయి పంచలేదు గానీ పంచినంత పని చేశాను.

సున్నం బస్తాలు దిగిన రోజే ఆ సంతోషం చచ్చింది. మా వీధికి పెద్దదిక్కు, మా మావగారి అన్నగారు, కర్ర పట్టుకుని బస్తాల దగ్గరికి వచ్చారు.

"ఇది ఎవులు తెమ్మన్నారు?"

"నానే మావయ్యా."

"ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరక్కుండా సున్నం ఏటి? మన వొంశంలో ఎవులైనా ఏసినారేటి?"

ఇన్నాళ్ళూ ఆఫీసుల చుట్టూ తిరిగి, ఎండ గురించీ రేకుల గురించీ అందరికీ పాఠాలు చెప్పి, ఇంటి సంగతి మరిచాను. మాలో మనిషి పోతే ఏడాది దాకా పాలివాళ్ళెవరూ ఇంటికి సున్నం వెయ్యరు. సున్నం అంటే పండగ. మాసిన గోడ అంటే ఆ ఇంట్లో దుఃఖం ఉందని. బావగారి ఏడాది తిరిగేది రోహిణి దాటాకే. అందరం ఒకే ఇంటిపేరు కాబట్టి వీధిలో ఒక్క ఇంటికీ వీల్లేదు.

అక్కని అడుగుదామని వెళ్ళాను. కొడుకు మీద ప్రాణం పెట్టుకున్న మనిషి, కాదనదని నా ధీమా. విసనకర్ర ఆపకుండానే చెప్పింది.

"నీకేటమ్మా, నువ్వు మీటింగుల మనిషివి. మొగుడు పోయి ఏడాదైనా అవనేదు, అప్పుడే ఇల్లు మెరిపించుకుంటంది అని ఊరు అనదేటి? ఆయనకి ఇంక నాను సెయ్యగలిగింది ఏటున్నాది? ఈ గోడలు మాసినట్టు ఉంచడమే. దాన్ని కూడా లాగేస్తావా? కందకి లేని దురద కత్తిపీటకెందుకే?"

ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ గోడల వైపు చూశాను. బావగారు తల ఆనించి అంబలి తాగిన చోట నూనె మరక అలాగే ఉంది. ఆ మరకని ఆమె ఎవరికీ ఇవ్వదు.

ఏఈ అమ్మాయికి చెబితే తల పట్టుకుంది. "మీరే వద్దంటే నేనేం చెయ్యనమ్మా? పక్క వార్డువాళ్ళు కాచుకుని ఉన్నారు. రేపు పొద్దున బండి వస్తుంది. వేస్తారా, ఎత్తేస్తారా?" అంది. ఆమెని తప్పు పట్టలేను. పక్క వార్డులోనూ రేకులే, అక్కడా పగలు పడుకునేవాళ్ళున్నారు.

ఆ సాయంత్రం పెద్దమావయ్య అరుగు దగ్గరికి వెళ్ళాను. వీధిలో సగంమంది అక్కడే ఉన్నారు. అక్క కూడా తన ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మావయ్యా, నాను కోడల్ని. నీ ముందు గొంతెత్తకూడదు. ఎత్తుతన్నాను," అన్నాను. "బావగారి పెద్దకర్మకి గొడుగిచ్చినామా, నేదా?"

"ఇచ్చినాం."

"ఎందుకిచ్చినాం?"

"తోవలో ఎండ తగలకుండా. తెలీనట్టు అడుగుతావేటి?"

"ఆ గొడుగు నానే కొన్నాను. ఎండకి ఎత్తి సూసి మరీ కొన్నాను. సచ్చిపోయినోడి నెత్తి మీద ఎలుగు సుక్క కారకూడదన్నాది అక్క. మరి బతికున్నోడి నెత్తి మీద నిప్పులు కారతన్నాయి. ఆడికి గొడుగు ఎవులు కొంటారు? ఆడి పెద్దకర్మ దాకా ఆగుదామేటి?"

"ఒలే!" అని అరిచింది అక్క. ఆ అరుపు నేను జన్మలో మరవను. గభాలున లోపలికి పోయి తలుపేసుకుంది. ఆడవాళ్ళు నన్ను తిట్టారు, మా ఆయన నా చెయ్యి పట్టుకుని లాగారు. పిల్లవాడి చావు నోటితో అన్నాను. అనకూడని మాటే. అయినా వెనక్కి తీసుకోలేదు, ఎందుకంటే అది అబద్ధం కాదు.

పెద్దమావయ్య కర్రతో నేల గీస్తూ, "ఇల్లు దానిది. అది ఊఁ అంటే నాను ఊఁ అంటాను," అన్నారు.

పొద్దున్నే వీధి మొదట్లో మున్సిపాలిటీ బండి ఆగింది. బస్తాలు ఎక్కించబోతున్నారు. ఇంతలో వీధి మధ్య నుంచి ధబ్బున ఏదో పడిన చప్పుడు, దుమ్ము లేచింది. వెళ్ళి చూస్తే అక్క. మామిడికాయలు కోసే దోటి పట్టుకుని, రేకుల మీది గోనెసంచుల్ని ఒక్కొక్కటే లాగి కింద పడేస్తోంది. జుట్టంతా దుమ్ము. రాత్రంతా ఏడ్చిందని కళ్ళు చెబుతున్నాయి.

నా వైపు చూడకుండానే అంది: "గోనెలుంటే సున్నం అంటుకోదు గదా."

నేను కదల్లేదు.

"గుడ్లప్పగించి సూస్తావేటి? ఇది పట్టు," అని దోటి నా చేతిలో పెట్టింది. "రేకులకే. గోడల మీద ఒక్క సుక్క పడకూడదు. పడిందా, నీ సీరతోటే తుడిపిస్తాను."

పెద్దమావయ్య ఈ మాట విన్నారు. ఆయనకి కావాల్సిన దారి దొరికింది. "గోడలకి ఎయ్యకపోతే అది పండగ సున్నం కాదు. ఎండకి గొడుగు. కానీండి," అన్నారు, ఈ ఆలోచన మొదట్నుంచీ తనదే అయినట్టు. నాకు నవ్వొచ్చింది. ఆయన పెద్దరికం ఆయనకుంటే ఉండనీ, మాకు సున్నం చాలు.

గోడల మీద చుక్క పడకుండా సున్నం వెయ్యడం ఏమిటో చెయ్యమంటే తెలుస్తుంది. పనివాళ్ళు బల్లల మీద బోర్లా పడుకున్నట్టు వంగి గెడలతో పూస్తుంటే, రేకు చివర్ల నుంచి తెల్లటి ధారలు. కింద మేం తడిగుడ్డలు పట్టుకుని గోడగోడకీ పరుగులు. ఒక చుక్క పడితే అరుపు, ఇంకొకటి పడితే తిట్టు. ఏఈ అమ్మాయి కూడా చున్నీ నడుముకి బిగించి గుడ్డ పట్టుకుంది. నా చీర సున్నమంతా తాగింది. బావగారి మరక ఉన్న గోడ దగ్గర మాత్రం అక్క తానే నిలబడింది, ఇంకెవర్నీ రానివ్వలేదు. సాయంత్రానికి వీధిలో నిలబడి చూస్తే ఏమీ మారలేదు. అవే మాసిన గోడలు. ఏడాది తిరగని ఇల్లు ఏడాది తిరగనట్టే ఉంది. పైకి ఎక్కి చూసినవాళ్ళకీ, సూర్యుడికీ మాత్రమే తెలుసు ఏం జరిగిందో.

కొన్నాళ్ళకి రోహిణి వచ్చింది. ఒక మధ్యాహ్నం, బయట కుక్కలు కూడా కాలవలో పడుకున్న వేళ, మజ్జిగ ఇద్దామని అక్క ఇంటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఇల్లు చల్లగా ఉందని అబద్ధం చెప్పను. ఉక్కగానే ఉంది, కానీ నెత్తి మీద కుంపటి దించేసినట్టుంది. మంచం మీద వాడు పక్కకి తిరిగి పడుకున్నాడు. విసనకర్ర నేల మీద పడి ఉంది. అక్క చాప మీద, నిరుడు పడుకున్న చోటే, పడుకుంది.

మజ్జిగ గ్లాసు కింద పెట్టి, ఆమె చేసినట్టే వాడి ముక్కు దగ్గర వేళ్ళు పెట్టాను. ఊపిరి తగిలింది. మెడ తడిమాను. చెమట, మామూలు చెమట. చాప మీద అక్క చిన్నగా గురక పెడుతోంది. ఆ గురక విని నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి.

అప్పుడే వీధిలో జీపు ఆగింది. ఏఈ అమ్మాయి మిషను పట్టుకుని దిగింది, వెనక మీటింగులో చూసిన పెద్దాఫీసరు. "అమ్మా, సార్ స్వయంగా వచ్చారు. లోపల ఎంత తగ్గిందో కొలుస్తాం. ఫలితం బాగుంటే ఊళ్ళో మిగతా రేకుల ఇళ్ళకి కూడా అడగొచ్చు," అంది ఉత్సాహంగా.

ఈ గుమ్మంలోకి ఆయన్ని రప్పించడానికే నేను అన్నాళ్ళు ఆ మెట్ల మీద కూర్చున్నాను. అయినా రెండు చేతులూ గుమ్మానికి అడ్డం పెట్టాను.

"ఇప్పుడు కాదమ్మా. పడుకున్నారు."

"అబ్బాయి లేవకుండా కొలుస్తాం లెండి," అన్నారు ఆఫీసరు.

"అబ్బాయి కాదండి. వాళ్ళమ్మ పడుకుంది," అన్నాను.

ఏఈ నా భుజం మీదుగా లోపలికి చూసింది. చాపనీ, నేల మీది విసనకర్రనీ చూసింది. ఆ ఇంట్లో నేల మీద కూర్చున్న పిల్ల కాబట్టి ఆమెకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. మిషను బ్యాగులో పెట్టేసి, "సార్, ముందు పక్కింట్లో చూద్దాం," అంది.

వాళ్ళు పక్కనే ఉన్న మా ఇంట్లోకి వెళ్ళారు. నేను తలుపు దగ్గరికి లాగి, ఆ గడప మీదే కూర్చున్నాను, అక్క లేచేదాకా.